మా తమ్ముడి యూనిఫాం ఫొటో ఫ్లెక్సీకెక్కింది

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలసకు దగ్గర్లోని ఒక ఊరి నుంచి ఒక ఉపాధ్యాయిని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 41 ఏళ్లు. హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్. తమ్ముడు సైన్యంలో హవల్దారు. అత్తవారిది ఉమ్మడి కుటుంబం. మావగారిది ఒక పార్టీ, భర్తది ఇంకో పార్టీ. భర్త అన్నగారు మావగారి పార్టీకి ఊళ్ళో ముందుండి తిరిగే మనిషి. ఎన్నికల ప్రకటన వచ్చిన వారానికే ఆ బావగారు రామాలయం ఎదుట ఒక ఫ్లెక్సీ కట్టించారు. అభ్యర్థి ఫొటో పక్కనే ఈమె తమ్ముడు యూనిఫాంలో ఉన్న ఫొటో, కింద "మన ఊరి వీర జవాను" అని అక్షరాలు. తమ్ముడిని ఎవరూ అడగలేదు. తీసేయమని ఈమె అంటే, "ఏటమ్మా, నీకు దేశమంటే గౌరవం నేదా?" అన్నారట. ఆ రోజు నుంచి ఈమె దేశం గురించి మంచిమాట ఒకటి అంటే భర్త "నువ్వూ అటు చేరిపోయావా" అంటున్నారు. ఊరుకుంటే మావగారు "చదువుకున్నవాళ్లకి దేశభక్తి ఉండదు" అంటున్నారు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో రోజూ అదే గొడవ.

విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్న కూతురికి 19 ఏళ్లు. ఓటరు కార్డు వచ్చింది, ఇదే మొదటి ఓటు. మొన్న ఇంటికి వచ్చినప్పుడు వీధిలో డబ్బు కవర్లు పంచడం, తాతయ్య ఒకటి తీసుకుని జేబులో పెట్టుకోవడం కళ్లారా చూసింది. "ఇందులో గర్వపడ్డానికి ఏముందమ్మా? నేను ఓటుకి రాను" అని వెళ్లిపోయింది. ఇంట్లో మావగారి తల్లికి 88 ఏళ్లు, చూపు సరిగా ఆనదు. ఇంటి దగ్గరే ఓటేయిస్తామన్నా వినకుండా బూత్‌కే వెళతానని పట్టుబడుతున్నారు. ఈ ఉపాధ్యాయినికేమో మొదటిసారి ప్రిసైడింగ్ అధికారిగా డ్యూటీ పడింది. "మన ఊరి బూతే ఏయించుకో" అని బావగారి సతాయింపు.

చివర్లో ఇలా రాశారు: "పంద్రాగస్టుకి బడిలో జెండా ఎగరేస్తుంటే నా కళ్లు చెమర్చేవి. ఇప్పుడు ఎక్కడ జెండా కనబడ్డా ముందు అది ఏ పార్టీవాళ్లు పట్టుకున్నదా అని చూస్తున్నాను. నేను మారిపోయానా?"

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు సంగతులు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. ఫ్లెక్సీ, ఇంట్లో మాటలు, అమ్మాయి, డ్యూటీ. నాలుగింటినీ ఒకే ముడిగా చూస్తున్నారు కాబట్టి గర్వమే పోయిందనిపిస్తోంది. ఫ్లెక్సీతో మొదలుపెడదాం, ఎందుకంటే అది ఎన్ని రోజులు అక్కడ ఉంటే మీ తమ్ముడికి అంత ఇబ్బంది.

ఈ విషయంలో మీ మాటే సరైనది. సైనికుల ఫొటోలు ఎన్నికల ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం 2013 డిసెంబరులోనే పార్టీలకు చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తుచేసింది. ఉద్యోగంలో ఉన్న సైనికుడు రాజకీయ ప్రచారంలో పాల్గొనకూడదని సైన్యం నిబంధనలు కూడా ఉన్నాయి. ఆ ఫొటో ఎవరో ఫోనులో తీసి పంపితే అది తిరిగి తిరిగి ఆయన యూనిట్‌కు చేరడానికి ఎంతో సేపు పట్టదు. అప్పుడు "నాకు తెలియకుండా పెట్టారు" అని సంజాయిషీ చెప్పుకోవలసింది ఆయనే, బావగారు కాదు.

మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, మీ తమ్ముడి చేతే బావగారికి ఫోను చేయించడం. "బావా, నా ఉద్యోగానికి ఇబ్బంది, ఈ రాత్రికే దింపించు" అని ఆయన నోటి వెంట వస్తే అది మీ ఇద్దరి పంతంగా మిగలదు. ఫోను కుదరకపోతే వాయిస్ మెసేజ్ చాలు. చాలా ఇళ్లలో వ్యవహారం ఇక్కడితో తెగుతుంది. రెండోది, మీ మావగారి ద్వారా చెప్పించడం. ఆయనకు చెప్పేటప్పుడు దేశభక్తి ప్రస్తావన తేకండి, లెక్క చెప్పండి. ప్రచారానికి అచ్చువేసే ఏ కాగితం మీదైనా, ఫ్లెక్సీ మీదైనా అచ్చువేసినవారి పేరు, చిరునామా, వేయించినవారి వివరం ఉండాలి. లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 2000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పైగా ఆ ఫ్లెక్సీ ఖర్చు అభ్యర్థి ఖాతాలోకి ఎక్కుతుంది. "అభ్యర్థికే చిక్కు" అంటే కార్యకర్త వినే చెవి వేరుగా ఉంటుంది. మూడోది ఫిర్యాదు. ఎన్నికల సంఘం వారి సీ విజిల్ యాప్‌లో అక్కడే నిలబడి ఫొటో తీసి పంపాలి, ఫోనులో పాతది ఉంటే తీసుకోదు. పేరు చెప్పకుండా పంపే వీలుంది, 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది అందులోని ఏర్పాటు. లేదా ఎన్నికల హెల్ప్‌లైన్ 1950కి ఫోను చేయొచ్చు. కానీ ఒకటి ఆలోచించుకోండి. యాప్ మీ పేరు బయటపెట్టకపోయినా, తీసేయమని ముందు అడిగినది మీరే కాబట్టి ఇంట్లో అనుమానం మీ మీదికే వస్తుంది. మొదటి రెండు దారులకు రెండు రోజులు గడువు పెట్టుకుని, అప్పటికీ దిగకపోతే మూడో దారి పట్టవచ్చు. చాటుగా చేయడం ఇష్టం లేకపోతే "దింపకపోతే ఫిర్యాదు చేస్తాను బావగారూ" అని ముందే ఎదురుగా చెప్పండి. ఇంట్లో మాట పడాల్సి వస్తుంది, కానీ దొంగచాటుగా చేశారన్న మాట మాత్రం రాదు.

బైకు ర్యాలీల్లో ఒకే కర్రకు పార్టీ జెండా, జాతీయ జెండా కలిపి కడుతున్నారని కూడా రాశారు. జాతీయ జెండా ఎగురుతున్న కర్రకు ఇంకో జెండా కట్టకూడదని ఫ్లాగ్ కోడ్‌లో స్పష్టంగా ఉంది. అది చూసి మీకు కలిగిన బాధ న్యాయమైనది. జెండాను చూడగానే పట్టుకున్న చెయ్యి ఎవరిదని వెతకడం మీ లోపం కాదమ్మా. అందరిదీ అయిన వస్తువును ఒకరు సొంతం చేసుకుంటుంటే పుట్టే అనుమానం అది. ఆ వస్తువు మీద ప్రేమ లేనివాళ్లకు ఆ అనుమానమే రాదు.

ఇంట్లో మాటల గురించి కొద్దిగా చెబుతాను. మీ భర్తా మావగారూ మిమ్మల్ని దేశం గురించి అడగడం లేదు. ఓటు ఎటు అని అడుగుతున్నారు, మాట మాత్రం దేశం పేరుతో వస్తోంది. కాబట్టి జవాబు కూడా దేశం గురించి చెప్పకండి. "నా ఓటు సంగతి నేను ఎవరికీ చెప్పను, అత్తవారికీ చెప్పను, పుట్టింటికీ చెప్పను" అని ఒకసారి నెమ్మదిగా అని, ఆపైన అదే మాట మీద ఉండండి. ఎవరికి ఓటేశావో చెప్పమని కోర్టు కూడా బలవంతపెట్టలేదని చట్టంలో ఉంది. ఒకరోజు అలుగుతారు, రెండో రోజుకు అలవాటు పడతారు. వాట్సాప్ గ్రూపులో మాత్రం జాగ్రత్త. మీరు ప్రభుత్వ ఉద్యోగి, పైగా డ్యూటీ ఆర్డరు చేతిలో ఉన్నవారు. ఎవరో పంపిన పార్టీ వీడియోను మీరు ఇంకొకరికి పంపితే అది స్క్రీన్‌షాట్‌గా ఎక్కడ తేలుతుందో తెలియదు. గ్రూపులోంచి బయటికొస్తే "వదిన అలిగింది" అని కొత్త కథ మొదలవుతుంది. మ్యూట్ చేసి, పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ మాత్రం జవాబివ్వడం నయం.

ఇక కవరు సంగతి. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. భారతీయ న్యాయ సంహితలో 170, 173 సెక్షన్లు దీని గురించే, ఏడాది వరకు జైలు పడొచ్చు. అయినా ఊళ్లలో తీసుకుంటున్నారు. ఆశ ఒక్కటే కారణం కాదు. కవరు వద్దంటే "వీళ్లు అవతలి పార్టీ" అని ముద్ర పడుతుందన్న భయం కూడా ఉంది. ఆ భయంలో కొంత నిజం, కొంత అపోహ. లెక్కింపు బూత్‌ల వారీగా జరుగుతుంది కాబట్టి ఈ బూత్‌లో ఎవరికి ఎన్ని వచ్చాయో అందరికీ తెలిసిపోతుంది. అది నిజం. ఫలానా మనిషి ఓటు ఎటు పడిందో తెలిసే దారి మాత్రం లేదు. మీట నొక్కాక వీవీప్యాట్ (ఓటు చీటీ అచ్చువేసి చూపే యంత్రం) గాజు కిటికీలో చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది, అదీ కంపార్ట్‌మెంట్‌లో నిలబడ్డవారికే. తర్వాత తెగి పెట్టెలో పడుతుంది, ఓటరు చేతికి రాదు. మావగారితో ఈ సంగతి తప్పుపడుతున్నట్టు కాకుండా తెలియజెబుతున్నట్టు మాట్లాడండి. కవరు తిరిగి ఇవ్వమంటే ఇస్తారో లేదో మీరే ఎరుగుదురు. ఇవ్వనంటే మీరు చేయగలిగింది పెద్దగా లేదు, ఆయన పనికి సిగ్గుపడే బాధ్యత కూడా మీది కాదు. "డబ్బు తీసుకున్నాం కాబట్టి మాట నిలబెట్టుకోవాలి" అనే ఒట్టు మాత్రం ఇంట్లో మిగతావారి మీద పడకుండా చూడండి. ముఖ్యంగా పెద్దావిడ మీద.

డ్యూటీ విషయం ఆఖరికి రాశారు, భారంగా రాశారు. నాకైతే మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉందనిపించింది.

ముందు బావగారి కోరికకు జవాబు. ఏ బూత్ ఎవరికన్నది కంప్యూటరు లాటరీలా చేసే కేటాయింపులో (ర్యాండమైజేషన్) తేలుతుంది, పోలింగుకు ముందు చివరి విడత అయ్యాక గానీ మీకూ తెలియదు. వేయించుకోవడం కుదరదని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. మీ ఓటు పోస్టల్ బ్యాలెట్ అవుతుంది. ఫారం 12 గడువులోగా ఇవ్వండి, డ్యూటీ పడ్డవారు ఓటేసే ఫెసిలిటేషన్ కేంద్రానికి వెళ్లిన రోజు 13ఏ డిక్లరేషన్ మీద మీ సంతకం, బ్యాలెట్ పేపరు క్రమసంఖ్య, ధ్రువీకరించే అధికారి సంతకం మూడూ ఉన్నాయో లేదో కవరు అంటించకముందే చూసుకోండి. చదువుకున్న ఉద్యోగుల ఓట్లు చెల్లకుండా పోయేది ఇలాంటి చిన్న మరపుల వల్లే.

పోలింగు ముందురోజు సామగ్రి తీసుకుని బస్సులో ఏదో ఊరి బడికి చేరతారు. రాత్రి అక్కడే. వీవీప్యాట్‌ను కిటికీ పక్కన గానీ నేరుగా బల్బు కింద గానీ పెట్టకండి, వెలుతురు ఎక్కువ పడితే మొరాయిస్తుంది. దాని వెనక మీట రవాణాలో అడ్డంగా ఉంటుంది, పని మొదలుపెట్టే ముందు నిలువుగా తిప్పాలి. కొత్తవాళ్లు కంగారులో మరిచిపోయేది ఇదే. ఏడింటికి పోలింగు అయితే ఐదున్నరకల్లా పార్టీల ఏజెంట్ల ఎదుట మాక్ పోల్, అంటే నమూనా ఓటింగు. కనీసం 50 ఓట్లు, నోటాతో సహా ప్రతి అభ్యర్థికీ ఒక్కటైనా పడాలి. ఓటింగు యంత్రం మీద క్లోజ్ నొక్కి, రిజల్ట్ చూపించి, వీవీప్యాట్ చీటీలతో సరిపోల్చి, క్లియర్ నొక్కాలి. ఆ క్లియర్ మరిచిపోతే మాక్ పోల్ ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి, లెక్కింపు రోజున ఆ బూత్ దగ్గర గొడవ మొదలవుతుంది. పెట్టెలో పడ్డ మాక్ చీటీలన్నీ తీసి, వెనక ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీలు వేయాలి. పెట్టె ఖాళీ అని ఏజెంట్లకు చూపించాలి. అసెంబ్లీకి, పార్లమెంటుకు కలిపి పోలింగు జరిగితే ఇదంతా రెండుసార్లు. బ్యాలెట్ పత్రం పార్లమెంటుకు తెలుపు, అసెంబ్లీకి గులాబీ. తీగలు కలిపేటప్పుడు తారుమారు కాకుండా ఆ రంగే మీకు గుర్తు.

ఇప్పుడు ఆ గదిలో ఎవరున్నారో చూడండి. ముందురోజు వరకు వీధిలో ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకున్న పార్టీల ఏజెంట్లు ఒకే బల్ల చుట్టూ వంగి, ఒకే ఆకుపచ్చ కాగితపు సీలు మీద వరసగా సంతకాలు పెడతారు. సాయంత్రం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన 17సీ కాగితం మీరు సంతకం చేసి ఇస్తే తలా ఒక ప్రతి తీసుకుంటారు. ఎవరూ ఎవరినీ నమ్మక్కర్లేకుండా అందరూ ఒప్పుకునే లెక్క అది. మీ ఇంట్లో మావగారూ భర్తా కలిసి సంతకం పెట్టే కాగితం ఇన్నాళ్లలో ఒక్కటైనా ఉందా? ఆ గదిలో ఉంది. 2024లో దేశం మొత్తం మీద 64 కోట్ల మందికి పైగా ఓటేసింది ఇలాంటి గదుల్లోనే, వాటిని నడిపినవారిలో ఎక్కువమంది మీలాంటి బడిపంతుళ్లూ గుమస్తాలూ.

ఇంకొకటి దగ్గరగా వినండి. మొదటి పోలింగు అధికారి జాబితాలో పేరూ క్రమసంఖ్యా చూసి, ఏజెంట్లకు వినబడేలా పైకి చదవాలి. మన ఊళ్లలో ఆడమనిషిని సొంత పేరుతో పిలిచేదెవరు? ఫలానావాడి తల్లి, ఫలానావారి కోడలు. 1951-52 మొదటి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితా రాయడానికి మనుషులు ఇళ్లకు వెళ్తే దేశంలో చాలాచోట్ల ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు, ఫలానావారి భార్య అనో కూతురు అనో రాయించుకున్నారు. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దానికి ఒప్పుకోలేదు. సొంత పేరు లేనిదే జాబితాలో చోటు లేదన్నారు. దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు పోయాయి. అది కఠినమే. కానీ తర్వాతి జాబితాల్లో వాళ్లు సొంత పేర్లతో ఎక్కారు. అప్పుడు మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు, చీటీ తీసుకెళ్లి నచ్చిన పెట్టెలో వేయడమే. మీ బూత్‌లో ఒక ముసలమ్మ బల్ల ముందుకొచ్చి నిలబడ్డప్పుడు, ఊరంతా మరిచిపోయిన ఆమె పూర్తి పేరు మీ గదిలో గట్టిగా వినబడుతుంది. ఆ మాట చెవిన పడ్డప్పుడు మీకు ఏమనిపిస్తుందో చూడండి. దేశాన్ని చూసి గర్వపడాలంటే నేనైతే దాన్ని చూసి పడతాను. దానికి ఏ పార్టీతోనూ పని లేదు.

అమ్మాయితో వాదించకండి. ఆమె చూసింది నిజం, లేదని మీరు అనలేరు. ఓటు వేయకపోతే చట్టం ఏమీ అనదు, ఇంట్లో కూర్చోవచ్చు. నోటా నొక్కవచ్చు, అది 2013 నుంచి ఉంది. అయితే నోటాకు ఎన్ని పడినా మిగతావారిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారని కూడా చెప్పండి. లేదా అభ్యర్థుల అఫిడవిట్లు చదవమనండి, ఎన్నికల సంఘం సైట్‌లో ఫారం 26 పేరుతో ఉంటాయి. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ అభ్యర్థి ప్రమాణం చేసి చెప్పినవే. ఇంజినీరింగ్ పిల్ల కాబట్టి మన మాటలకన్నా ఆ కాగితాలే ఆమెతో ఎక్కువ మాట్లాడతాయి. ఏది ఎంచుకున్నా ఆమె ఇష్టం. ఒక్క పని మాత్రం ఆమెను అడగండి.

మీరు డ్యూటీలో ఉంటారు. పెద్దావిడను బూత్‌కు తీసుకెళ్లడానికి బావగారు సిద్ధంగానే ఉంటారు, కానీ అది ఎందుకు మంచిది కాదో మీకు తెలుసు. ఇంటి దగ్గర ఓటుకు 85 దాటినవారు నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం 12డి ఇవ్వాలి. ఒకసారి ఇచ్చాక జాబితాలో పేరు పక్కన గుర్తు పడుతుంది, ఇక బూత్‌లో వేయనివ్వరు. ఆవిడ వద్దంటున్నారు కాబట్టి బలవంతాన వేలిముద్ర వేయించకండి. చూపు ఆనక గుర్తులు పోల్చుకోలేనివారు 18 దాటిన ఒకరిని తోడు తీసుకెళ్లవచ్చు. ప్రిసైడింగ్ అధికారికి ఆ సంగతి నిజమనిపించాలి. తోడు వచ్చినవారు ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్లలేదని, ఓటు గుట్టు బయటపెట్టనని డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. తాతమ్మ ఏ గుర్తు చెబితే ఆ మీటే నొక్కాలి.

విశాఖలో పొద్దున్నే రైలెక్కమంటే ఆలస్యమవుతుంది, ముందురోజు రాత్రికే రమ్మనండి. ఎండ ముదరకముందే, ఏడున్నరకల్లా బయల్దేరదీయమనండి. పెద్దవాళ్లను వరసలో నిలబెట్టరు, ముందుకు పంపిస్తారు. ఓటరు కార్డు గానీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు గానీ ఉండాలి, బూత్ స్థాయి అధికారి (బీఎల్ఓ) ఇచ్చే చీటీ ఒక్కటే సరిపోదు. మంచినీళ్ల సీసా, గొడుగు. అమ్మాయి కార్డు కూడా సంచిలో పెట్టి ఉంచండి, ఏమీ అనకండి. తోడు వెళ్లినవారికి సిరా కుడిచేతి చూపుడువేలికి పెడతారు. ఎడమచేతి వేలు ఖాళీగానే ఉంటుంది, వరసలో నిలబడాలో వద్దో ఆమే చూసుకుంటుంది.